పుట్టపర్తి సత్యసాయి యూనివర్సిటీలో డిగ్రీ: అక్కడ చదివినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి

ప్రొద్దుటూరు నాన్న:

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. ఎంసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది గానీ వాడికి ఇంజనీరింగ్ మీద మనసు లేదు, ఫిజిక్స్ చదువుతాను, తర్వాత పీహెచ్‌డీ చేస్తాను అంటున్నాడు. వాళ్ల ఫిజిక్స్ సార్ పుట్టపర్తి సత్యసాయి ఇన్‌స్టిట్యూట్ పేరు చెప్పారట, అప్పటినుంచి ఇంట్లో అదే మాట. నాకు పుట్టపర్తి తెలుసు, చిన్నప్పుడు అమ్మతో రెండుసార్లు వెళ్లాను, కానీ అక్కడ యూనివర్సిటీ ఎలా వచ్చింది, లోపల పిల్లలు ఎలా ఉంటారు అన్నది ఏమీ తెలియదు. ట్యూషన్ ఫీజు లేదంటున్నారు. నిజం చెప్పాలంటే నాకు అదే టెన్షన్. ఈ రోజుల్లో ఎల్‌కేజీకే అరవై వేలు కడుతున్నాం, డిగ్రీ ఉచితంగా ఎందుకు చెప్తారు, దాని వెనక ఏమైనా షరతు ఉంటుందా అని మా బామ్మర్ది ఒకటే గోల. ఇంకో సంగతి, అది డీమ్డ్ యూనివర్సిటీ అంటున్నారు, ఆ డిగ్రీ బయట చెల్లుతుందా? అక్కడ చదివినవాళ్లు, పిల్లల్ని చదివించినవాళ్లు కొంచెం వివరంగా రాయండి. ఒక్కడే కొడుకు, తెలియని చోటికి పంపాలంటే చేతులు ఆడటం లేదు.

విద్యాగిరి పాత విద్యార్థి:

అన్నా, నేను తొంభైల్లో పుట్టపర్తి క్యాంపస్‌లో ఐదేళ్లు ఉన్నాను, అందుకే కాస్త పొడవుగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు డిగ్రీ సంగతి. డీమ్డ్ అంటే తక్కువ రకం అని మనవాళ్లకి ఒక అపోహ ఉంది. 1956 నాటి యూజీసీ చట్టంలో మూడో సెక్షన్ ఉంది, రాష్ట్రమో పార్లమెంటో ప్రత్యేకంగా చట్టం చేయకపోయినా, స్థాయి ఉన్న విద్యాసంస్థకి యూనివర్సిటీ హోదా ఇచ్చే దారి అది. పుట్టపర్తికి ఆ హోదా 1981లో వచ్చింది, ఆ ఏడాది నవంబర్ 22న ప్రారంభమైంది. ఇప్పటికీ స్నాతకోత్సవం ఆ తేదీనే చేస్తారు, మర్నాడు 23 బాబా పుట్టినరోజు. 2023లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు వచ్చింది ఆ స్నాతకోత్సవానికే. 2002లో కాలేజీల నాణ్యత చూసి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లు ఎ ప్లస్ ప్లస్ ఇచ్చారు. డిగ్రీ చెల్లుతుందా అన్న దిగులు వదిలేయండి.

చరిత్ర అడిగారు కదా, నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇక్కడే ఉంది. ఈ విశ్వవిద్యాలయం పుట్టపర్తిలో మొదలు కాలేదు, అనంతపురంలో మొదలైంది, అదీ ఆడపిల్లల కాలేజీగా. 1968. ఆ రోజుల్లో అనంతపురం జిల్లా అంటే కరువు, వేరుశనగ, వలస. పదో తరగతి దాటిన ఆడపిల్లని వేళ్ల మీద లెక్కపెట్టుకునే ఊళ్లు ఎన్నో. అలాంటి చోట ఒక ఆధ్యాత్మిక గురువు కట్టించిన మొట్టమొదటి కాలేజీ ఆడపిల్లల కోసం. ఆ తర్వాత ఏడాది, 1969లో, బెంగళూరు పక్కన వైట్‌ఫీల్డ్ దగ్గర కాడుగోడిలో బృందావనం క్యాంపస్ మగపిల్లలకి వచ్చింది. అనంతపురం కాలేజీ తిరుపతి వేంకటేశ్వర యూనివర్సిటీ కింద ఉండేది, బృందావనం కాలేజీ బెంగళూరు యూనివర్సిటీ కింద. రెండు రాష్ట్రాల్లో, రెండు సిలబస్‌ల కింద నడుస్తున్న కాలేజీల్ని, పుట్టపర్తి కాలేజీతో కలిపి ఒక గొడుగు కిందికి తెచ్చుకోవాలంటే సొంత యూనివర్సిటీ తప్ప వేరే దారి లేదు. అదే 1981లో జరిగింది. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీకి పూర్తి హోదా వచ్చింది కూడా ఆ ఏడాదే, అంటే కరువు జిల్లాకి ఒకే ఏడు రెండు విశ్వవిద్యాలయాలు. మా సత్యసాయి యూనివర్సిటీకి మొదటి వైస్ ఛాన్సలర్ వి.కె. గోకాక్ గారు, కన్నడ కవి, తర్వాత జ్ఞానపీఠ్ కూడా వచ్చింది ఆయనకి. అంతకుముందు హైదరాబాద్‌లో ఇంగ్లిష్ ఇన్‌స్టిట్యూట్ నడిపారు, బెంగళూరు యూనివర్సిటీకి వీసీగా చేశారు. అంత మనిషి మా ఏటి ఒడ్డు పల్లెటూరికి వచ్చి కూర్చున్నారంటే ఆ రోజుల్లో చాలామందికి నమ్మబుద్ధి కాలేదని మా మాస్టార్లు చెప్పేవారు.

ఇంక ఫీజు. లేదు అంటే లేదు, మొదటినుంచీ లేదు. దాన్ని నడిపేది ట్రస్టు, దానికి భక్తులు ఇచ్చే విరాళాలు. మీరు హాస్టల్‌లో భోజనం ఖర్చు పెట్టుకోవాలి, మా రోజుల్లో అది చాలా తక్కువ, ఇప్పుడు ఎంతో ప్రవేశాల కాగితంలో చూసుకోండి. సీటు మాత్రం డబ్బుతో రాదు, ఎవరి ఉత్తరంతోనూ రాదు. రాత పరీక్ష, ఆ పైన ఇంటర్వ్యూ. చేరాక ఇన్నేళ్లు ఇక్కడే పని చేయాలి అని నా చేత ఎవరూ సంతకం పెట్టించుకోలేదు. మీ బామ్మర్ది గారు అనుకునే షరతు లేదు గానీ, వేరే ఒకటి ఉంది, అది డబ్బు కంటే బరువైనది. అక్కడి జీవితం. హాస్టల్‌లోనే ఉండాలి, బయట గది తీసుకుని ఉంటానంటే కుదరదు.

తెల్లవారుజామున ఐదింటికి లేపేవారు. సుప్రభాతం, తర్వాత వ్యాయామం, స్నానం, టిఫిన్, తెల్ల ప్యాంటు తెల్ల చొక్కా వేసుకుని కాలేజీలో ప్రార్థన, క్లాసులు. సాయంత్రం ఆటలు గానీ మందిరం గానీ, భజన, వేదం. రాత్రి చదువు, పదింటికల్లా దీపాలు ఆర్పేవారు. మాకు మంచాలు లేవు, చాపల మీద పరుపు పరుచుకుని పడుకునేవాళ్లం, ఒక గదిలో కేరళ వాడు, ఒడిశా వాడు, నేపాల్ వాడు, కడప వాడు. మొదటి నెల నాకు నిద్ర పట్టేది కాదు. నెలన్నర తర్వాత ఇంటికెళ్తే మంచం మీద నిద్ర పట్టలేదు!

ఇప్పుడు అసలు విషయం. అక్కడ పనివాళ్లు తక్కువ. అన్నం వడ్డించేది పిల్లలు, కరెంటు పోతే చూసేది పిల్లలు, కుళాయి కారితే బిగించేది పిల్లలు, జ్వరం వస్తే రాత్రిపూట పక్కన కూర్చునేది సీనియర్లు. దాన్ని స్వయం సేవ అనుకోండి, స్వావలంబన అనుకోండి, ప్రతి ఒక్కడికీ ఒక శాఖ ఉంటుంది. నేను రెండేళ్లు వడ్డనలో, మూడేళ్లు కరెంటు పనిలో ఉన్నాను. మా ఇంట్లో అప్పటిదాకా ఫ్యూజు వేయడానికి కూడా మనిషిని పిలిచేవాళ్లం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే వాడు సాయంత్రం స్క్రూడ్రైవర్ పట్టుకుని స్విచ్ బోర్డు విప్పుతుంటే, వాడి దగ్గర నిలబడి నేర్చుకున్నది క్లాసులో నేర్చుకున్నదానికి ఏమాత్రం తక్కువ కాదు. ఉచిత చదువు గురించి అందరూ మాట్లాడతారు, ఈ పని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు ఆ చోటు ఇచ్చిన అసలు చదువు అదే అనిపిస్తుంది.

క్లాసులు చిన్నవి. ఎమ్మెస్సీకి వచ్చేసరికి నా బ్యాచ్‌లో పదిమందికి అటూ ఇటూ ఉన్నాం. సార్లు క్యాంపస్‌లోనే ఉంటారు, చాలామంది అక్కడే చదివి అక్కడే పాఠాలు చెప్తున్నవాళ్లు, రాత్రి తొమ్మిదింటికి లెక్క అర్థం కాలేదని తలుపు కొడితే విసుక్కున్న సారు నాకు గుర్తు లేడు. మీ అబ్బాయి నిజంగా ఫిజిక్స్ మీద ప్రేమతో వెళ్తున్నాడంటే ఇది చాలా పెద్ద విషయం.

అనంతపురం క్యాంపస్ అక్క:

పైన రాసిన తమ్ముడు ఆడపిల్లల కాలేజీతో మొదలుపెట్టినందుకు చాలా సంతోషం, సాధారణంగా అందరూ పుట్టపర్తి గురించే మాట్లాడి మమ్మల్ని వదిలేస్తారు. నేను అనంతపురం క్యాంపస్‌లో బీఎస్సీ, తర్వాత ఫుడ్ అండ్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ చేశాను. మాది పల్లెటూరు, ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లని నేను. మా నాయన సంతకం పెట్టడానికి ఒప్పుకున్న కారణం ఒక్కటే, హాస్టల్ గట్టిగా ఉంటుంది, ఫీజు లేదు. ఆ రెండూ లేకపోతే నాకు ఆ వయసులో పెళ్లే.

చీరలు కట్టుకుని కాలేజీకి వెళ్లేవాళ్లం. మొదట్లో చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం రాక పొద్దున్నే సీనియర్ అక్కల గదుల ముందు క్యూ కట్టేవాళ్లం. అదే చీర కట్టే అమ్మాయిలు జనవరిలో క్రీడోత్సవానికి బైకుల మీద విన్యాసాలు చేసేవారు. జనవరి 11న పుట్టపర్తి హిల్‌వ్యూ స్టేడియంలో అన్ని క్యాంపస్‌ల పిల్లలూ కలిసి చేసే కార్యక్రమం అది, కొండ మీద అంత పెద్ద హనుమంతుడు, కింద మైదానంలో మేము. దానికి రెండు నెలల ముందునుంచి సాధన. దెబ్బలు తగిలేవి, కాళ్లు వాచేవి, ఏడ్చిన రోజులూ ఉన్నాయి. సంక్రాంతి రోజు బహుమతులు. సైకిల్ కూడా తొక్కనివ్వని ఇంటినుంచి వచ్చిన అమ్మాయి స్టేడియం మధ్యలో మోటారు సైకిల్ మీద నిలబడింది, ఆ అమ్మాయి నా గదిలో ఉండేది, ఆ రోజు వాళ్లమ్మ ముఖం నేను మర్చిపోలేను.

ఇంకోటి చెప్పాలి. మాకు వేదం నేర్పారు. ఆడపిల్లలకి, అన్ని కులాల వాళ్లకి. రుద్రం నమకం చమకం నాకు ఇప్పటికీ నోటికి వస్తాయి. మా ఊరి గుళ్లో ఒకసారి నేను పక్కన నిలబడి మెల్లగా చదువుతుంటే పూజారి గారు ఆగి చూశారు, ఏమీ అనలేదు, తీర్థం ఇస్తూ ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని మాత్రం అడిగారు. ఇది చిన్న సంగతి కాదు మన దగ్గర.

అన్నయ్యా, మీరు అబ్బాయి గురించి అడిగారు కాబట్టి ఒక్క మాట. మగపిల్లలకి డిగ్రీ పుట్టపర్తిలోనూ ఉంటుంది, బృందావనంలోనూ ఉంటుంది. మీ వాడికి ఏ క్యాంపస్ వస్తుందో, ఫిజిక్స్ ఎక్కడ ఉందో ముందే కనుక్కోండి. తర్వాత కర్ణాటకలో చిక్కబళ్లాపురం వైపు కూడా ఇంకో క్యాంపస్ వచ్చింది.

కొత్తచెరువు వాసి:

నేను అక్కడ చదవలేదు, పక్క ఊరివాణ్ని. కానీ ఈ పిల్లల్ని ప్రతి దసరాకీ చూస్తాను కాబట్టి రాస్తున్నాను. 2000 సంవత్సరంలో మొదలుపెట్టారు గ్రామసేవ అని. పుట్టపర్తి, బుక్కపట్నం, కొత్తచెరువు మండలాల పల్లెలన్నీ తిరిగి ఇంటింటికీ పులిహోర పొట్లం, లడ్డు ఇస్తారు. పొద్దున్నే వీధి చివర భజన వినపడుతుంది, మా అవ్వ చెంబు కింద పెట్టి గడప దగ్గరికి వచ్చేది. పెద్ద పెద్ద చదువులు చదివే పిల్లలు, మా దళితవాడలో గుడిసె గుడిసెకీ వంగి రెండు చేతులతో ఇస్తారు, అవ్వా తాతా అని పిలుస్తారు, తెలుగు రానివాళ్లు కూడా ఆ రెండు మాటలూ నేర్చుకుని వస్తారు. రాత్రంతా మేలుకుని పొట్లాలు కట్టేది కూడా వాళ్లేనట.

ఆ యూనివర్సిటీ లేకముందు మా ప్రాంతం ఎట్లుండేదో పెద్దవాళ్లని అడగాలి. పుట్టపర్తికి రైలు దిగాలంటే ధర్మవరమో పెనుకొండో. ప్రశాంతి నిలయం స్టేషన్ వచ్చింది 2000లో. పెద్దాసుపత్రి 1991లో, పీవీ గారు ప్రధానిగా ఉన్నప్పుడు వచ్చి ప్రారంభించారు. నీళ్ల పథకం తొంభైల మధ్యలో, ఏడు వందలకు పైగా పల్లెలకి. ఇప్పుడు 2022నుంచి జిల్లా కేంద్రమే పుట్టపర్తి. బాబా ఉన్నప్పుడు ఊరు ఇసక వేస్తే రాలనట్టు ఉండేది, 2011 ఏప్రిల్‌లో ఆయన పోయాక అంగళ్లు, లాడ్జీలు చాలా మూతపడ్డాయి, మా చుట్టాలే ఇద్దరు బెంగళూరు వెళ్లిపోయారు. అప్పుడు అందరూ ఇంక కాలేజీ కూడా మూసేస్తారు, లేకపోతే ఫీజులు పెడతారు అన్నారు. మూయలేదు. ఫీజూ పెట్టలేదు. తెల్ల బట్టల పిల్లలు సాయంత్రం వరసగా నడిచి మందిరానికి పోవడం ఇప్పుడూ చూడొచ్చు.

ప్రొద్దుటూరు నాన్న:

అందరికీ చేతులెత్తి దండం. నిన్న రాత్రి మా ఇంట్లో ముగ్గురం కూర్చుని ఇవన్నీ చదివాం. మా ఆవిడ అక్క గారు రాసింది రెండుసార్లు చదివించుకుంది. ఇంకా రెండు అనుమానాలు. వాడికి ఫోన్ లేకుండా ఒక్క గంట గడవదు, అక్కడ ఫోన్ ఉండదంటున్నారు, నిజమేనా? రెండోది, మా వాడికి భక్తి గిక్తి పెద్దగా లేదు, పండక్కి కూడా గుడికి రమ్మంటే ఎల్లుండి వస్తా అంటాడు. అలాంటివాడు అక్కడ ఇమడగలడా, వాడి మీద ఒత్తిడి పెడతారా?

విద్యాగిరి పాత విద్యార్థి:

అన్నా, ఫోన్ విషయం నిజం, చేతిలో సెల్ పెట్టుకుని తిరిగే చోటు కాదు అది. ఇంటికి మాట్లాడటానికి ఏర్పాటు ఎలా ఉందో వెళ్లినప్పుడు వార్డెన్ గారిని అడగండి. మా కాలంలో ఉత్తరాలే. మా అమ్మ రాసిన ఇన్‌లాండ్ కవర్లు ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉన్నాయి.

భక్తి గురించి మీరు దాపరికం లేకుండా అడిగారు, నేనూ అలాగే చెప్తాను. ప్రార్థన, భజన దినచర్యలో భాగం, వాటికి వెళ్లను అంటే కుదరదు. అవేర్‌నెస్ అని ఒక సబ్జెక్టు అందరూ చదవాలి, ఫిజిక్స్ వాడైనా కామర్స్ వాడైనా. యూనివర్సిటీ చిహ్నంలో అన్ని మతాల గుర్తులూ ఉంటాయి, క్రిస్మస్‌కి పిల్లలే క్యారల్స్ పాడతారు, నా గదిలో క్రైస్తవుల అబ్బాయి ఒకడు ఉండేవాడు, వాడు వాడి బైబిల్ వాడు చదువుకునేవాడు, ఎవరూ ఏమీ అనలేదు. నాకూ చేరేనాటికి నమ్మకం అంతంత మాత్రమే. మందిరంలో కూర్చుని రేపటి పరీక్ష గురించి ఆలోచించిన సాయంత్రాలు బోలెడు. కానీ నియమం మీద కోపం ఉన్నవాడికి అక్కడ కష్టం, ఆ మాట దాచకూడదు. కో-ఎడ్ లేదు, సినిమాకి పోవడం లేదు, మాంసాహారం లేదు, రాత్రి రోడ్డు మీద టీ తాగడం లేదు. మీ వాడికి ఇవన్నీ ముందే చెప్పండి, చెప్పాక కూడా వెళ్తాను అంటే పంపండి. మీ బలవంతం మీద మాత్రం పంపకండి. ఫీజు లేదు కదా అన్న ఒక్క కారణం మీద పెద్దవాళ్లు తోసేసిన ఇద్దరు నా బ్యాచ్‌లో మధ్యలో వెళ్లిపోయారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, తెలివి తక్కువవాళ్లూ కాదు, వాళ్లకి కావాల్సిన చదువు వేరే రకం, అంతే. ఒక ఏడాది పోయింది పాపం.

ఇంకో హెచ్చరిక. సత్యసాయి పేరుతో కర్ణాటకలో కలబురగి జిల్లాలో వేరే యూనివర్సిటీ ఉంది, అది వేరు, ఇది వేరు. దరఖాస్తు పెట్టేటప్పుడు శ్రీ సత్యసాయి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హయ్యర్ లెర్నింగ్ అని పూర్తి పేరు చూసుకుని పెట్టండి, గూగుల్‌లో కొడితే రెండూ కలిసి వస్తాయి.

అనంతపురం క్యాంపస్ అక్క:

తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మీ ఆవిడ గారికి నా నమస్కారాలు చెప్పండి. ఆమెని కూడా తీసుకెళ్లండి, తల్లి ఒకసారి ఆ హాస్టల్ చూసి వస్తే తర్వాత మూడేళ్లు నిద్రపోగలదు. మా అమ్మ చూడలేదు, అందుకే మొదటి సంవత్సరమంతా నాకు అన్నం సరిగ్గా పెడుతున్నారో లేదో అని ఏడుస్తూ ఉండేదట. పెట్టేది మేమే కదా!

కొత్తచెరువు వాసి:

వచ్చేటట్లయితే ధర్మవరం మీదుగా రండి సార్, అక్కడినుంచి కొత్తచెరువు, బుక్కపట్నం దాటితే పుట్టపర్తి. ధర్మవరంనుంచి గంట పైన పడుతుంది. సాయంత్రం నాలుగున్నర ఐదు మధ్య మందిరం దగ్గర ఉండండి, పిల్లలందరూ వరసలో వస్తారు, వేదం చదువుతారు. మీ వాణ్ని వాళ్ల పక్కన కాసేపు కూర్చోబెట్టండి. మర్నాడు పొద్దున విద్యాగిరి వైపు వెళ్లి కాలేజీ బయటినుంచి చూసుకుని, లోపల ఎవర్ని కలవాలో అడగండి.

ప్రొద్దుటూరు నాన్న:

మా వాడికి అన్నీ చదివి వినిపించాను, ఫోన్ ఉండదని, మంచం ఉండకపోవచ్చని, వడ్డించాలని. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కరెంటు పని నిజంగా నేర్పిస్తారా అని అడిగాడు. వచ్చే శనివారం ముగ్గురం బయలుదేరుతున్నాం.